చీటీలో ఐదో గడి

నిషివాకి హిసావో ఏ పెట్టెనీ ముందు కళ్లతో చూసేవారు కాదు. మూత నాలుగు వేళ్ల ఎత్తు లేపి, ఆ సందులో ముక్కు పెట్టి, కళ్లు మూసుకుని మనసులో మూడు లెక్కపెట్టేవారు. ఆ తర్వాతే దీపం వేసేవారు.

ఒసాకాలో మా నిప్పోన్‌బాషి వీధిలో పాత బొమ్మలు, పాత మోడళ్లు కొని అమ్మే దుకాణాలకు కొదవ లేదు. ఆయన పనిచేసిన హోషియా వాటిలో పెద్దదేమీ కాదు. కానీ అంతరిక్ష నౌకల మోడళ్ల విషయానికొస్తే, సరుకు నాణ్యత తేల్చే హోషియా చీటీ మీద నిషివాకి ముద్ర ఉంటే కొనేవాళ్లు రెండో మాట అడిగేవారు కాదు. ఆ చీటీలో ఐదు గడులు. రంగు, అతుకులు, లోహం, విడిభాగాలు, వాసన. మొదటి నాలుగూ నేర్పితే ఎవరికైనా వస్తాయి. తెల్ల ప్లాస్టిక్ పసుపెక్కిందా, టార్చి ఏటవాలుగా వేస్తే పాత రంగు మీద కొత్త రంగు తేలుతోందా, పోత లోహం లోపల్నుంచి పొంగి వెంట్రుకంత పగుళ్లు చూపిస్తోందా. ఐదో గడి అలాంటిది కాదు. పెట్టె అట్ట ఇంటి గాలిని పీల్చుకుని ఏళ్ల తరబడి దాచుకుంటుంది. సిగరెట్టా, పూజ అగరొత్తులా, కలరా ఉండలా, గోడ చెమ్మా అన్నది నిషివాకి చెప్పేవారు. ఆ ఇంట్లో పిల్లి ఉండేదో లేదో కూడా చెప్పేవారు.

ముప్పై ఒకటో ఏటి వరకూ ఆయన హిగాషి ఒసాకాలో ప్లాస్టిక్ అచ్చులు చేసే చిన్న కర్మాగారంలో ఉన్నారు. అది మూతపడింది. పెళ్లి నాలుగేళ్లు నిలిచింది. హోషియా మేడమీది గదిలోని బల్ల మాత్రం ఇరవై ఏడేళ్లు నిలిచింది.

రెండు చలికాలాల కిందట వారం రోజులు జ్వరం పట్టుకుని వదిలింది. వాసన మాత్రం తిరిగి రాలేదు. ఆరు నెలలు చూద్దామన్నాడు డాక్టరు. ఆరు నెలలు చూసి, ఆయన ఆసుపత్రికి వెళ్లడం మానేశారు. వంటగదిలో గ్యాసు లీకైతే మోగే యంత్రం పెట్టించుకున్నారు. పాల ప్యాకెట్ తేదీ దాటితే పారబోశారు. దుకాణంలో ఎవరికీ చెప్పలేదు. యాభై ఎనిమిదేళ్ల మనిషికి ఆ ముక్కు తప్ప వేరే అర్హత లేదు. ఇంకెక్కడా ఆ బల్ల దొరకదు. అందుకని వంగడం మానలేదు. కళ్లు మూసుకోవడం మానలేదు. మూడు లెక్కపెట్టి, తలెత్తి, అమ్మడానికి వచ్చినవాళ్లను మాటల్లో పెట్టి అడిగేవారు: "ఇంట్లో సిగరెట్టు తాగేవాళ్లున్నారా? పూజ గది పక్కనే పెట్టారా?" జనం నిజమే చెప్పేవారు. పందొమ్మిది నెలలు అలా గడిచాయి.

ఆగస్టులో సుగావా అనే కాంట్రాక్టరు ఒక పెట్టె తెచ్చాడు. ఖాళీ చేసిన ఇళ్లు శుభ్రం చేయడం అతని పని. పెట్టెలో నలభై ఏళ్ల నాటి టీవీ సీరియల్లోని సరుకు నౌక, షిరానుయి. మూడువందలే తయారయ్యాయి. మూరన్నర పొడవు, తొమ్మిది ఏంటెన్నాలూ ఉన్నాయి. తెలుపు తెలుపుగానే ఉంది. లోహంలో ఒక్క పగులు లేదు.

"సిగరెట్టు?" అన్నారు నిషివాకి.

"లేదండీ. ఆ మనిషి తాగేవాడు కాదు," అన్నాడు సుగావా. అడిగినదానికే జవాబిచ్చాడు.

ఐదు గడుల్లోనూ 'ఏ' పడింది. పెట్టెను మేడమీదే పారదర్శక కాగితంలో గాలి చొరకుండా బిగించి కింద అద్దాల బీరువాలో పెట్టారు.

తొమ్మిదో రోజు సకాయ్ నుంచి తమాకి అనే పళ్ల డాక్టరు వచ్చాడు. పాత ఖాతాదారు, నోరు ఊరుకోని మనిషి. డబ్బు కట్టే ముందు కొనేవాడి ఎదుటే పెట్టె విప్పి, గడి గడీ చదివి చూపించడం హోషియా పద్ధతి. ఆ శనివారం మధ్యాహ్నం దుకాణం నిండా జనం ఉన్నారు.

"గురువుగారూ, ఆ ముక్కుకి ఇన్సూరెన్స్ చేయించారా? లేదంటే చెప్పండి, పళ్లతో పాటు అదీ చూసిపెడతాను."

"మీ దగ్గరికొస్తే ఉన్నది కూడా పీకేస్తారు," అన్నారు నిషివాకి. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు.

కాగితం కోశారు. మూత పూర్తిగా తీసేశారు. అలవాటు ప్రకారం వంగి, కళ్లు మూసుకుని, ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టారు.

"శుభ్రంగా ఉంది," అని తలెత్తారు.

ఎదురుగా ఎవరూ లేరు. తమాకి రెండడుగులు వెనక్కి వెళ్లి మోచేతి మడతలో ముఖం దాచుకున్నాడు. ఒక అమ్మాయి నోటికి రుమాలు అడ్డం పెట్టుకుని తలుపు వైపు పరుగెత్తింది. ఇందాక నవ్విన నోళ్లన్నీ మూసుకుపోయాయి.

"గురువుగారూ," అన్నాడు తమాకి మెల్లగా, "మీకు... తెలియట్లేదా?"

నిషివాకి మూత పెట్టారు. అంచులు సరిగ్గా కలిసేదాకా రెండుసార్లు సర్దారు.

పెట్టెను వెనక సందులోకి చేర్చి, యజమానురాలు ఒకుమురా చిజురు సుగావాకు ఫోన్ చేసింది. స్పీకర్‌లో అతని గొంతు మామూలుగానే ఉంది.

"జూలైలో పోయాడమ్మా. ఒంటరివాడు. ఇరవై ఆరు రోజులు ఎవరూ తలుపు తట్టలేదు. ఆ పెట్టె మంచం పక్కనే ఉండేది. నిషివాకిగారి ముక్కుకి తెలియకుండా పోతుందా, ధర కోసేస్తారులే అనుకున్నా. అన్నింటికీ 'ఏ' ఇచ్చేసరికి నాకే వింతగా అనిపించింది."

"చెప్పొచ్చుగా?"

"ఆయనకి చెప్పడమేంటమ్మా, నేను?"

చిజురు ఫోన్ పెట్టేసింది. ఆమె తండ్రి హయాంలో నిషివాకి పనిలో చేరినప్పుడు ఆమెకు పదకొండేళ్లు.

"ఎప్పట్నుంచి?" అని నిషివాకిని అడిగింది.

"కిందటేడు జనవరి నుంచి."

"అప్పట్నుంచి ఇచ్చిన చీటీలన్నీ..."

"నాలుగు గడులు నిజమేనమ్మా."

"రేపట్నుంచి పైకి రాకండి, నిషివాకిగారూ. జీతం ఈ నెలాఖరుదాకా ఇస్తాను. ఆ చీటీలు నమ్మి కొన్నవాళ్లందరికీ నేను ఉత్తరాలు రాయాలి."

ఆయన తల వంచారు. మేడెక్కి ముద్ర, టార్చి, భూతద్దం సంచిలో వేసుకున్నారు. మళ్లీ దిగొచ్చినప్పుడు చేతిలో ఒక ఖాళీ చీటీ ఉంది.

"తప్పు చీటీ పెట్టెలో ఉండకూడదు," అన్నారు. "పారేసే సరుకైనా సరే."

వెనక సందులో, పెట్టె పక్కన మోకాళ్ల మీద కూర్చుని రాశారు. రంగు, ఏ. అతుకులు, ఏ. లోహం, ఏ. విడిభాగాలు, ఏ. చిజురు ముక్కుకి తువ్వాలు అడ్డం పెట్టుకుని గుమ్మంలో నిలబడింది.

వాసన, సీ. ఆ గడి కింద అచ్చువేసిన మాటలుంటాయి, ఒకదానికి సున్నా చుట్టాలి. సిగరెట్టు, అగరొత్తి, కలరా ఉండ, చెమ్మ. చివర, 'ఇతరం', దాని పక్కన ఖాళీ గీత.

నిషివాకి 'ఇతరం'కి సున్నా చుట్టి, పెన్ను గీత మీద ఆపారు.

"ఇక్కడ ఏం రాయమంటావమ్మా? నాకు తెలియదు."

తువ్వాలు వెనక నుంచి ఆమె గొంతు సరిగా వినబడలేదు. మళ్లీ అడిగారు.

"మనిషి అని రాయండి," అంది.

రాశారు. కింద ముద్ర వేసి, సిరా ఆరేదాకా చీటీని గాలిలో ఊపుతూ కూర్చున్నారు.