ఆఖరి బిగింపు

కడియం దాటాక లాకుల వైపు వెళ్ళే కాలువ గట్టు రోడ్డు మీద, నర్సరీల మధ్య, ఒక రేకుల షెడ్డు ఉంది. బోర్డు లేదు. ప్రేమ్ కుమార్ షెడ్డు అంటే అందరికీ తెలుసు.

షెడ్డు మధ్యలో నిలువునా ఒక గొయ్యి. మనిషి ఛాతీ దాకా లోతు. కారు గోతికి రెండు పక్కలా చక్రాలు మోపి నిలబడుతుంది. ప్రేమ్ కుమార్ దాని కింద నిలబడతాడు. కాలువ కట్టేసిన వేసవిలో గొయ్యి పొడిగా ఉంటుంది. నీళ్ళు వదిలిన మర్నాటి నుంచి అడుగున ఊట మొదలవుతుంది. అందుకే ఆ రోడ్డులో ఇంకెవరూ గొయ్యి తవ్వుకోలేదు. బండిని జాకీ మీద లేపి, కింద పడుకుని పని ముగిస్తారు.

ప్రేమ్ కుమార్‌కి గొయ్యి కావాలి. ముందు చక్రాన్ని బండికి పట్టి ఉంచే ఇనుప ఆర్మ్ ఒకటి ఉంటుంది. అది బండిని అంటుకునే చోట రబ్బరు బుష్షులు ఉంటాయి. కారు గాల్లో ఉండగానే అక్కడ బోల్టు బిగిస్తే, చక్రం వేలాడుతున్న తీరులోనే రబ్బరు పట్టుబడిపోతుంది. కారు నేలకు దిగగానే మెలిపడుతుంది. మెలిపడ్డ రబ్బరు ఎంతోకాలం ఉండదు. అందుకని అతను ఆర్మ్ మార్చేటప్పుడు నట్లు చేత్తో ఎక్కించి వదిలేసేవాడు. కారుని దించి, దాని బరువు దాని చక్రాల మీద పడ్డాక, గోతిలోకి దిగి అప్పుడు పానా వేసేవాడు.

ఎదురు షెడ్డు త్రిమూర్తులుకి ఇది వేళాకోళం.

“పైనుండగానే బిగించేస్తే పోదేంటండీ? ఎందుకొచ్చిన చాదస్తం?”

“నువ్వు పడుకుని పంచె కట్టుకుంటావా త్రిమూర్తులూ?”

“కట్టుకుంటానండి. లేచాక ఊడేది నాది కాదు కదా, కస్టమర్ది.”

ఇద్దరూ నవ్వుకునేవారు.

ప్రేమ్ కుమార్ లూథరన్ చర్చి మనిషి. షెడ్డుకి వచ్చే బళ్ళ వాళ్ళలో ఎక్కువమంది హిందువులు. చక్రాల పని జరిగితే వాళ్ళు ముందు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, కర్పూరం వెలిగించి, తొక్కించి బండి తీసుకెళ్తారు. అతను వద్దనడు. అక్కడ ఉండడు కూడా. ఆఖరి బిగింపు అయ్యాక గోతిలోంచి పైకి వచ్చి, మాట్లాడకుండా వెనక కాలువ మెట్లు దిగి చేతులు కడుక్కుంటాడు. అతను తిరిగి వచ్చేసరికి వాళ్ళ పని అయిపోతుంది. ఇన్నేళ్ళలో ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. అతను మెట్ల వైపు వెళ్ళాడంటే బండి సిద్ధం అని అందరికీ తెలుసు.

ఆ జూన్‌లో కాలువకి నీళ్ళు కొత్తగా వదిలారు. శుక్రవారం పొద్దున్నే గంగరాజు కారు తెచ్చాడు. గంగరాజు సొంత కారు కిరాయికి తిప్పుతాడు. వెనక సీట్లో అతని తల్లి పాపాయి ఉంది. ఆమెకి రాజమండ్రిలో కంటి ఆపరేషన్. ఎడమ చక్రం ఆర్మ్ బుష్షు పోయి, రోడ్డు గుంతల్లో పడ్డప్పుడల్లా టకటకమంటోంది.

“ఇది మార్చేసి పంపించండి ప్రేమ్ కుమార్ గారూ. అమ్మని జాయిన్ చెయ్యాలి.”

“రాహుకాలం రాకుండా బయల్దేరాలి నాయనా,” అంది పాపాయి. సీట్లోంచి దిగలేదు. ఆమె ఒళ్ళో ఒక ప్లాస్టిక్ సంచి, అందులో మార్చుకునే చీర, పైన నిమ్మకాయలు. “ఒకసారి ఎక్కాక దిగితే శకునం పాడు.”

“దిగకపోతే మిమ్మల్ని కూడా జాకీ మీద లేపాల్సొస్తుందండి.”

“లేపు. వీడు పెళ్ళి చేసుకోలేదు కానీ, లేకపోతే కోడలు ఎప్పుడో లేపేసును.”

గంగరాజు “అమ్మా!” అన్నాడు. చివరికి ఆమె దిగి స్టూలు మీద కూర్చుంది. పాత ఆర్మ్ ఊడదీసి, కొత్తది పెట్టి, నట్లు చేత్తో ఎక్కించి, చక్రం వేసి, ప్రేమ్ కుమార్ కారుని దించాడు. గంగరాజు తల్లిని మళ్ళీ ఎక్కించి, సీట్లో సర్దుతున్నాడు.

అతను గోతిలోకి చూశాడు. నీళ్ళు నడుము దాకా ఉన్నాయి. నీళ్ళు తోడే మోటారు తిరుగుతూనే ఉంది. నీళ్ళు తగ్గడం లేదు. గోతిలో నీళ్ళు తోడి కాలువలోకి వదిలే గొట్టం మూతి దగ్గర గుర్రపుడెక్క అడ్డం పడి ఉంటుందనుకున్నాడు. పానా గోతి అంచున పెట్టి, మాట్లాడకుండా, వెనక్కి నడిచి కాలువ మెట్లు దిగాడు.

గుర్రపుడెక్క వేళ్ళు గొట్టంలోకి దిగి పట్టుకున్నాయి. వాటిని పీకుతుండగా పైన కారు స్టార్టయిన చప్పుడు వినిపించింది. ఎదురు షెడ్డులో బండి అనుకున్నాడు.

పైకి వచ్చేసరికి గొయ్యి మీద కారు లేదు. నీళ్ళలో రేకుల కప్పు కనబడుతోంది. గోతికి రెండు పక్కలా నిమ్మకాయలు నలిగి ఉన్నాయి. కర్పూరం ఇంకా వెలుగుతోంది. పానా పెట్టిన చోటే ఉంది.

ఫోన్ చేశాడు. మోగింది. ఎత్తలేదు. మళ్ళీ చేశాడు.

అతని భార్య రూతు పక్క నర్సరీలో మొక్కలకి అంట్లు కడుతోంది. ఆమె స్కూటీ తీసుకున్నాడు.

“ఏవండీ, ఎక్కడికి?”

చెప్పలేదు.

గట్టు రోడ్డు ఇరుకు. ముందు మొక్కల లారీ ఒకటి దారి ఇవ్వకుండా నడుస్తోంది. హారన్ కొట్టాడు. లారీ మీద గులాబీ మొక్కలు ఊగుతున్నాయి. దాన్ని దాటాక బడి దగ్గర స్పీడ్ బ్రేకరు వచ్చింది. దాని అవతల రోడ్డు మీద ఒక నట్టు ఉంది. బండి ఆపకుండానే గుర్తుపట్టాడు. తెల్లగా ఉంది, కొత్తది.

లాకుల ముందు మలుపులో జనం. కారు ముందు భాగం కాలువలో ఉంది. ఎడమ చక్రం లోపలికి మడుచుకుపోయి ఉంది. కొత్తగా వదిలిన నీళ్ళు ఎర్రగా, వడిగా, తెరిచిన కారు తలుపుల గుండా వెళ్తున్నాయి. గంగరాజుని పైకి లాగారు. పాపాయి కోసం ఇంకా నలుగురు దిగి ఉన్నారు. ప్రేమ్ కుమార్ కూడా దిగాడు. ఆమె లాకుల తలుపుల దగ్గర దొరికింది.

గట్టు మీద పడుకోబెట్టారు. ఎవరో తువ్వాలు కప్పారు. గంగరాజు తల్లి పాదాలు పట్టుకుని కూర్చుని ఉన్నాడు. తలెత్తి ప్రేమ్ కుమార్‌ని చూశాడు.

“మీరు మెట్లు దిగారు కదండీ?”

“దిగాను.”

“చేతులు కడుక్కోడానికే కదండీ?”

“కాదు. గొట్టం కోసం. ఇంకా బిగించలేదు.”

“మరి చెప్పలేదేంటండీ?”

“చెప్పలేదు,” అన్నాడు ప్రేమ్ కుమార్.

నువ్వు అడగలేదేంటి అన్న మాట ఒకటి ఉంది. అక్కడున్న వాళ్ళందరికీ అది తోచింది. అతను అనలేదు. పోలీసుల దగ్గరా అదే చెప్పాడు. బిగించలేదు, చెప్పలేదు.

ఇంటి దగ్గర రూతు ఊరుకోలేదు.

“అడక్కుండా తీసుకెళ్ళింది అతనే కదండీ. ఆ ఒక్క మాట ఎందుకు చెప్పరు? కేసు మన మీద పడుతుంది.”

“తల్లిని ఎక్కించుకుని నడిపింది అతను, రూతూ.”

“అయితే?”

“ఆ మాట అతనికి తెలుసు. నేనెందుకు చెప్పడం?”

చాలాకాలం షెడ్డు తెరవలేదు. ఊట నీళ్ళు గోతి నిండా వచ్చి, కప్పలు చేరాయి. త్రిమూర్తులు ఇక పంచె మాట ఎత్తలేదు. ఒకరోజు వచ్చి, అడక్కుండానే మోటారు పెట్టి గొయ్యి తోడి వెళ్ళాడు. ప్రేమ్ కుమార్ షెడ్డు మళ్ళీ తెరిచాడు. కేసు నడుస్తూనే ఉంది. వాయిదాలకి వెళ్ళి వస్తాడు.

ఇప్పుడు బండి రాగానే తాళం తీసుకుని చొక్కా జేబులో వేసుకుంటాడు. బరువు చక్రాల మీద పడ్డాకే బిగించే పద్ధతి మార్చలేదు. చెప్పకుండా మెట్లు దిగే అలవాటు మార్చాడు. నిమ్మకాయలు ఎవరినీ పెట్టనివ్వడు. పని పూర్తయ్యాక తనే వాళ్ళ దగ్గర అడిగి తీసుకుని, గ్రీజు చేతులతో, ఒక్కో చక్రం కింద ఒకటి పెడతాడు. తర్వాతే తాళం ఇస్తాడు. చర్చిలో కొందరు గుసగుసలాడారు. పాస్టరు అయ్యగారు పిలిచి అడిగారు.

“నేను మొక్కడం లేదండి,” అన్నాడు. “పెడుతున్నాను, అంతే.”



గంగరాజు మళ్ళీ బండి నడపలేదు. నర్సరీలో మొక్కలు ఎక్కించే పనిలో చేరాడు. షెడ్డు ముందు నుంచి వెళ్ళేటప్పుడు మొహం కాలువ వైపు తిప్పుకుంటాడు.

మొన్న నర్సరీ వాళ్ళ చిన్న వ్యాను ఆర్మ్ మార్చడానికి వచ్చింది. నడిపేది బుజ్జిబాబు. పక్క సీట్లో గంగరాజు. బుజ్జిబాబు దిగాడు. గంగరాజు రోడ్డు అవతలికి వెళ్ళి, గట్టు మీద అటు తిరిగి కూర్చున్నాడు. పని జరిగినంతసేపూ తిరగలేదు.

ప్రేమ్ కుమార్ వ్యానుని దించి, గోతిలోకి దిగి, బిగించాడు. పైకి వచ్చాడు. నిమ్మకాయలు పెట్టాడు. తాళం ఇచ్చాడు. గంగరాజు వచ్చి తన సీట్లో ఎక్కి కూర్చున్నాడు. ముందుకే చూస్తూ అన్నాడు:

“బుజ్జీ, అడుగు.”

“ఏంటడిగేది?”

“అయిందా అని అడుగు.”

బుజ్జిబాబు తల బయటపెట్టాడు. “అయిందాండీ?”

“అయింది.”

“ఇంకోసారి అడుగు.”

బుజ్జిబాబు ఇబ్బందిగా నవ్వాడు. “ఏమనుకోకండి, అయిందాండీ?”

ప్రేమ్ కుమార్ వ్యాను కిటికీ దగ్గరికి వచ్చాడు. చెయ్యి చాపాడు. బుజ్జిబాబు తాళం తిరిగి ఇచ్చాడు. అతను పానా తీసుకుని మళ్ళీ గోతిలోకి దిగాడు. మోకాలి లోతు నీళ్ళలో నిలబడి, ఒక్కో బోల్టు మీదా పానా వేసి లాగాడు. ఏదీ కదలలేదు. పైకి వచ్చి తాళం ఇచ్చాడు.

“అయింది, గంగరాజూ,” అన్నాడు.

గంగరాజు తల ఊపాడు. వ్యాను నిమ్మకాయలు తొక్కి, గట్టు రోడ్డెక్కి, లాకుల వైపు వెళ్ళింది. అది మలుపు తిరిగేదాకా ప్రేమ్ కుమార్ చేతులు కడుక్కోలేదు.