వాకిటి బండల మీద మచ్చ

కోవిల్‌పట్టి ఇసక్కిముత్తు మేస్త్రీ కోపం వస్తే అరవడు. అరిస్తే కోపం చల్లారిపోతుందని అతని భయం. తొంభై ఎనిమిదిలో విరుదునగర్‌లో జరిగిన అవమానాన్ని అతను పొయ్యిలో నిప్పు కప్పెట్టినట్టు ఏళ్ళ తరబడి కప్పెట్టి దాచుకున్నాడు.

అంతకు ముందు బాగా నవ్వేవాడే. బండలు పరవడంలో అతనికి మంచి పేరు. అరుప్పుకోట్టై మగ్గాల షెడ్ల నుంచి శ్రీవిల్లిపుత్తూరు పాలకోవా అంగళ్ళ దాకా అతను పరిచిన నేల మీద జనం నడిచారు. పని ముగిశాక ప్రతి బండనూ తడిగుడ్డతో పదేపదే తుడిచేవాడు. "ఒక పొద్దైనా మన బిడ్డ మొకం ఇట్ల తుడిస్తివా?" అని భార్య మారీశ్వరి దెప్పేది. తుడవలేదు మరి.

గోకులకృష్ణన్‌ది నరికుడి వైపు మెట్టభూములున్న తెలుగు కుటుంబం. విరుదునగర్‌లో ఇల్లు కట్టి, వాకిట్లో లేత పసుపు రాతి బండలు వేయించాడు. సందులు సిమెంటుతో పూడిస్తే మోటుగా ఉంటుందట. మదురై నుంచి డబ్బాలో కొత్త మందు తెప్పించాడు. ఇసుకా జిగురూ కలిసిన ముద్ద అది. సందుల్లో కూరాక అది గట్టిపడేదాకా నీళ్ళు తగలకూడదు, తగిలితే జిగురు బండ మీదికి పాకి అక్కడే ఆరిపోతుంది. గురువారం సాయంత్రం పని ముగించి, ఇసక్కిముత్తు ఆ ఇంటి ఇల్లాలు బృందను పిలిచి చెప్పాడు.

"రేపంతా వాకిట్లో సుక్క నీళ్ళు పడగూడదమ్మా."

ఆమె తలూపి, అక్కడే కూర్చుని ఉన్న అత్త అళగమ్మాళ్‌కు కూడా గట్టిగా చెప్పింది.

మర్నాడు అతను వచ్చేసరికి ప్రతి బండ అంచునా నల్లటి మరక తేలి ఉంది. అక్కడక్కడా పచ్చటి చార, మధ్యలో తెల్లటి రేణువులు. గోకులకృష్ణన్ వీధి వీధంతా వినేలా తిట్టాడు. ఇసక్కిముత్తు చేతిలోని తాపీ లాక్కుని వీధిలోకి విసిరేశాడు. ఇసక్కిముత్తుతో పాటే పని నేర్చుకున్న తంగపాండి మేస్త్రీ పక్కింటి పనిలో ఉండి, గోడ మీంచి తొంగి చూసి తన వంతు నెయ్యి పోశాడు.

"వానికి డబ్బా మందు కలపనే రాదయ్యా. నన్ను పిలిచి ఉంటే ఇట్ల అయ్యేదా?"

అళగమ్మాళ్ గుమ్మంలో నిలబడి అంతా చూసింది. నోరు మెదపలేదు.

ఇసక్కిముత్తు మోకాళ్ళ మీద కూర్చుని ఆసిడ్‌తో రుద్దాడు. బండ మెరుపు పోయింది కానీ మరక పోలేదు. ఆ వారంలోనే ఊళ్ళో అతని పేరు 'మరక మేస్త్రీ' అయింది. ఆ పేరు విన్నాక ఎవరు పిలుస్తారు? విరుదునగర్‌లో పనులన్నీ తంగపాండి పాలయ్యాయి. ఇసక్కిముత్తు కోవిల్‌పట్టి అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో మూటలు మోయడానికి కుదిరాడు. బండలను ముద్దు చేసిన చేతులకు గోనెసంచులు దొరికాయి.

విరుదునగర్ మీదుగా బస్సులో పోయినప్పుడల్లా దిగి, ఆ వీధికి వెళ్ళి మచ్చలు చూసి వచ్చేవాడు.

"ఇంకా దాన్నే తలుస్తా ఉంటావా? విడిచిపెట్టయ్యా," అనేది మారీశ్వరి.

"నా తప్పేందో కనుక్కోవాల," అనేవాడు. అది సగం అబద్ధం. పుండును గీరుకుంటే ఒక సుఖం ఉంటుంది, దాని కోసం పోయేవాడు.

రెండువేల ఏడులో ఒక వార్త తెలిసింది. గోకులకృష్ణన్ ఆ పాత బండలు పీకించి కొత్తవి వేయిస్తున్నాడు. మేస్త్రీ తంగపాండి. మళ్ళీ డబ్బా మందే. గురువారానికి సందులు కూరడం అయిపోతుందట. ఇసక్కిముత్తు ఒళ్ళంతా పండగ చేసుకుంది. లారీ షెడ్డులో ఒక డబ్బా కాలిన ఆయిల్ అడిగి తెచ్చుకుని, శుక్రవారం మొదటి బస్సెక్కాడు. కొత్త బండల మీద అది కుమ్మరిస్తే ఇద్దరి మొహాలకూ ఒకేసారి పూసినట్టవుతుంది.

వీధి మొదట్లో కరెంటు స్తంభం దగ్గరికి వచ్చి ఆగిపోయాడు. తనకంటే ముందే వాకిట్లో ఎవరో ఉన్నారు.

అళగమ్మాళ్. చప్పుడు కాకుండా తలుపు తీసుకుని వచ్చినట్టుంది. చేతిలో బకెట్టు. దోసిలితో పేడనీళ్ళు తీసి కళ్ళాపి చల్లుతోంది. పచ్చటి నీళ్ళు సందుల్లోకి జారుతున్నాయి. తర్వాత నడుం వంచి ముగ్గు పెట్టింది. తెల్లటి పిండి తడి బండ మీద రాలింది.

తెల్లటి రేణువులు! ఇన్నేళ్ళూ ఇసక్కిముత్తు ఆ మచ్చల ముందు నిలబడ్డాడు కానీ శుక్రవారం కళ్ళాపి సంగతి అతనికి తట్టనే లేదు. వద్దని చెప్పాక చల్లరనుకున్నాడు.

ఇప్పుడే కేక వేసి, జిగురు ఆరకముందే ధారగా నీళ్ళు కొడితే సందులు పాడైనా బండలు దక్కుతాయి. ఒక అడుగు వేశాడు కూడా. అంతలో ఆనాడు గుమ్మంలో నోరు మెదపకుండా నిలబడిన ఆ మనిషే కళ్ళ ముందు మెదిలింది. ఆయిల్ డబ్బా కింద పెట్టి, స్తంభానికి ఆనుకుని గొంతుక్కూర్చున్నాడు.

"ఆరనీ," అనుకున్నాడు.

ఎండెక్కింది. మరకలు తేలాయి. అది చూసి అళగమ్మాళ్ గబగబా ముగ్గు ఊడ్చేసి గుమ్మంలో నిలబడింది. గోకులకృష్ణన్ బయటికి వచ్చి కేకలు పెట్టాడు. తంగపాండికి కబురు పోయింది. వాడు ఉరుక్కుంటూ వచ్చి "నేను సరిగ్గానే కలిపితినయ్యా" అని ఏడుపుమొహం పెట్టాడు. తాపీ మళ్ళీ గాల్లోకి లేచి వీధిలో పడింది. ఆ చప్పుడు ఇసక్కిముత్తుకు మేళంలా వినిపించింది. అప్పుడు లేచి వాకిట్లోకి వెళ్ళాడు.

"అవ్వా, నీవు ఊడ్చేసిన ముగ్గు బాగుండె. ముందు మరక పడిన పొద్దు గూడా నీవే గదా సల్లింది?"

అళగమ్మాళ్ కోడలి వైపు చూసింది, కొడుకు వైపు చూసింది. చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"శుక్రారం వాకిలి పొడిగా ఎట్ల విడిచిపెట్టేది? పేడనీళ్ళకు మరక పడుతుందని ఎవురికి తెలుసు? తరువాత నా వల్లేనేమో అనిపించె. చెప్తే కోడలి ముందర తల వంచాల. ఊరకుంటిని. ఈ పొద్దు గూడా శుక్రారమే, మనసు ఒప్పలే."

గోకులకృష్ణన్ మొహం మాడిపోయింది. తల్లిని ఏమీ అనలేక ఇసక్కిముత్తు మీదికి తిరిగాడు.

"నువ్వు చూస్తానే నిలిచినావా? అప్పుడే ఒక మాట చెప్పి ఉంటే బండలు దక్కేవి గదరా!"

"దక్కేవయ్యా. ఆ పొద్దు మీయమ్మ ఒక మాట చెప్పి ఉంటే నేను గూడా దక్కేవాణ్ణి."

తంగపాండి తాపీ వీధి మధ్యలో పడి ఉంది. ఇసక్కిముత్తు దాన్ని దాటుకుని బస్టాండు వైపు నడిచాడు.