పక్కింటి అటక

కెనడాలోని ఏజాక్స్‌లో మా ఇల్లూ, పక్కనున్న తెలుగువాళ్ల ఇల్లూ ఒకే గోడకు అటూ ఇటూ ఉంటాయి. మా తర్వాత కొంతకాలానికి ఆ భార్యాభర్తలు వచ్చారు. ఆ అమ్మాయిది కాకినాడ. నాకంటే చిన్నది, నన్ను అక్కా అంటుంది. వాళ్ల వంటింట్లో ఎండ ఎక్కువ పడుతుంది, వాళ్ల పెరట్లో టమాటాలు ముందు పండుతాయి. అవన్నీ ఎలాగో ఓర్చుకున్నాను. ఓర్చుకోలేనిది వాళ్ల అటక.

చలి మొదలయ్యిందంటే చాలు, మా అటకలో ఎలుకల పరుగులు. అదే కప్పు కింద పక్కింట్లో చడీచప్పుడూ ఉండేది కాదు. ఉండబట్టలేక అడిగాను. ఇల్లు కొన్న కొత్తలోనే, చలి దిగకుండా అటకలో పరిచే ఇన్సులేషన్ మార్పించారట. కాగితపు తునకల్లో బోరిక్ యాసిడ్ కలిపిన రకం. పురుగులు దాని జోలికి రావట, ఎలుకలకూ అంతగా నచ్చదట.

"కానీ అక్కా, ముందు కన్నాలన్నీ స్టీల్ మెష్‌తో క్లోజ్ చేయించాం. అది చేయకపోతే ఏది వేసినా వేస్టే" అంది.

మంచి సలహానే. ఆమె నోట వచ్చింది కాబట్టి నాకు రుచించలేదు. మావారు అదే వేయిద్దామన్నారు. వాళ్లను చూసి చేసినట్టుంటుందని నేను ఒప్పుకోలేదు. కన్నాల సంగతి పట్టించుకోకుండా పాతదాని మీదే గులాబీ రంగు ఫైబర్‌గ్లాస్ పరుపులు వేయించాను.

మంచు కరిగే వేళకు పడకగది సీలింగ్ మీద మరక కనిపించింది. మావారు పైకెక్కి చూశారు. కొత్త పరుపుల నిండా సొరంగాలు, గూళ్లు, గూళ్లలో కళ్లు తెరవని పిల్లలు. దిగివచ్చి నేరుగా పక్కింటికి వెళ్లి ఆమెను పిలుచుకొచ్చారు.

ఆమె పాత స్వెటర్ వేసుకుని, టార్చి పట్టుకుని చకచకా నిచ్చెనెక్కింది. కాసేపటికి చూరు దగ్గర సందు దొరికింది. "ఇక్కణ్ణుంచే వస్తున్నాయి అక్కా" అని పైనుంచి పిలిచింది. జుట్టంతా దుమ్ముతో కిందికి దిగితే, ఎంత చురుకైన పిల్లో అని మావారు మెచ్చుకున్నారు. నేను టవల్ అందించాను గానీ, ఆమె ముఖంలోకి చూడలేకపోయాను.

పాడైనదంతా తీయించి, సందులన్నీ మూయించి, చివరికి వాళ్లు వేయించిన రకమే వేయించాం. మరుసటి చలికాలం మా అటకలో చప్పుడు లేదు. డిసెంబరులో ఒకసారి ఆమె మా ఇంటికొచ్చి కోటు విప్పుతూ, "మా ఇంటికన్నా మీ ఇల్లే వెచ్చగా ఉందక్కా" అంది.

ఆ రోజంతా నాకు కాలు నేలమీద నిలవలేదు.