దులపని మందు

తొంభై రెండో సంవత్సరం వానాకాలం. టేకులపల్లి దాటాక అడవి అంచున ఉన్న జామాయిలు నర్సరీలో జోజమ్మ కూలికి చేరి రెండు నెలలైంది. నరికిన మేలుజాతి చెట్టు మొద్దు మీద లేచిన పిలకల్ని కోసి, మొదళ్లకు వేరు పుట్టించే మందుపొడి అద్ది, ట్రేలలో నాటడం ఆమె పని.

నాటిన పదో రోజు ఒక పిలకను మెల్లగా లాగి చూసింది. వేరు లేదు. మొదలు నల్లబడి, మెత్తగా వేలికి అంటుకుంది. పక్కదీ అంతే. రెండు ట్రేలూ అంతే.

నాటింది తనే అయినా నీళ్లు పట్టేది మంగ్లి. తండా నుంచి నడిచొచ్చే ఆ పిల్ల, జోజమ్మకు జ్వరమొచ్చిన వారమంతా ఆమె పని కూడా తనే చేసి, ఎవరికీ చెప్పుకోలేదు.

సూపర్‌వైజర్ వెంకటనారాయణ వచ్చి చూశాడు.

"నీళ్లెక్కువై మురిగినయ్. మంగ్లీ, నీకు ముందే చెప్పిన గదా. రేపటి నుంచి రాకు."

"కొలిచే పట్టిన సార్," అంది మంగ్లి.

జోజమ్మ తన మందు డబ్బా వైపు చూసింది. పొడిలో అద్దాక డబ్బా అంచుకు తట్టి, ఎక్కువైంది రాల్చాలని నేర్పారు. మెతుకు కిందపడితే ఏరి కళ్లకద్దుకునే మనిషికి మందు రాల్చడానికి చేయి రాలేదు. ఎక్కువ ఉంటే ఎక్కువ బలమేలే అని దట్టంగానే ఉంచింది.

చెప్తే పని పోతుంది. పిల్లలిద్దరి బడి ఈ పని మీదే. "ప్రభువా," అని లోపలే తలుచుకుంది. మంగ్లి అప్పటికే సద్దిగిన్నె మూట కట్టుకుంటోంది.

"నీళ్లు కాదు సార్. నేనే మందు దులపలే."

"ఎందుకు?"

"పారబోయబుద్ధి కాలే."

వెంకటనారాయణ ఒక పిలకను గోటితో చీల్చాడు. "వేరు పుట్టించే హార్మోను చిగురులనే తయారైతది. గక్కడి నుంచి కిందికి దిగుతది. మనం పెట్టేది దానికి కొంచెం తోడు, గంతే. కూరల ఉప్పు లెక్క. ఎక్కువైతే వేరు రాదు, మొదలు మాడుతది."

"అక్క కూర తిన్నరా సార్?" అంది మంగ్లి. "గట్లనే ఉంటది."

అతను నవ్వలేదు. మూట విప్పమని మంగ్లికి సైగ చేశాడు. జోజమ్మ ఉండాలో పోవాలో మాత్రం చెప్పలేదు.

"మొద్దు మీద ఇంకేమన్న పిలకలున్నయేమో చూడుపో. ఉంటే జల్దీ కోసుకరా," అన్నాడు ఆమెతో.

"నడువ్ అక్కా," అంటూ మంగ్లి కత్తి అందుకుని ముందు నడిచింది. పోయిన కోతలో ఒక్క పిలకైనా మిగిల్చానా అని గుర్తు తెచ్చుకుంటూ జోజమ్మ వెనకే వడివడిగా నడిచింది.