బ్లేడు పెట్టి సాపు చేసిన చెల్క

ఊళ్లన్నీ రోడ్ల మీదికి వచ్చిన ఆ రోజుల్లో నేను మాత్రం ఎక్కువగా గ్రంథాలయంలో ఉండేవాణ్ణి. తెలంగాణ ఉద్యమమంటే ఇష్టం లేక కాదు. జనగామ గ్రంథాలయంలో ఫ్యాను కింది కుర్చీ పొద్దున్నే పోయినవాడికే దొరికేది, ర్యాలీలేమో ఎండ ఎక్కాక మొదలయ్యేవి. పదో తరగతి దగ్గర ఆగిన చదువును నేనే భుజాన వేసుకుని మోసుకుపోతున్నానని నాకు పెద్ద గర్వం. తేనెటీగల గురించి చదివాను, గ్రహణాల గురించి చదివాను, ఎక్కడో దూరదేశపు పట్నంలో భూమి కింద మురుగు కాలువలు ఎట్లా తవ్వారో కూడా చదివాను. (ఆ కాలువల గురించి ఇంతవరకు నన్నెవరూ అడగలేదు. అడిగితే చెప్పడానికి ఇప్పటికీ సిద్ధంగానే ఉన్నాను.) అందుకే మా చెల్కను బాగుచేసే పని వచ్చినప్పుడు, ప్రపంచం ఇన్నాళ్లకు నాకు తగిన ప్రశ్న అడిగిందనుకున్నాను.

చెల్క అంటే బచ్చన్నపేట దిక్కు రోడ్డు పక్కన మాకున్న రెండెకరాల ఎర్ర నేల. బోరు ఎండిపోయాక బాపు దాన్ని వదిలేసి హైదరాబాదులో ఒక అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్‌గా పోయాడు. (మా దిక్కు నాన్న బాపు, అమ్మ అవ్వ.) మనుషులు వదిలేసిన చోటికి సర్కారు తుమ్మ పిలవకుండానే వస్తుంది. కొన్నేళ్లలో మా చెల్కలోకి మేకలు కూడా దూరలేనంత ముళ్లకంప పెరిగింది. ఆ ఎండాకాలం బాపు సెలవు పెట్టి ఇంటికి వచ్చాడు. గేటు దగ్గర స్టూలు మీద కూర్చుని కూర్చుని నడుము వంగిందనీ, కార్లకు సలాం కొట్టీ కొట్టీ చెయ్యి దానంతటదే లేస్తున్నదనీ అవ్వతో చెబుతుంటే విన్నాను. మంచం మీద పడుకుని పైకప్పు చూస్తూ నాతో అన్నాడు: "ఈసారి మిరుగు కార్తె వానకు చెల్కల పత్తి గింజ వెడితే, ఇగ నేను పట్నం పోనురా. పెట్టకపోతే పోవుడే. సెలవు గంతవరకే ఇచ్చిండు సారు."

అంటే వాన పడేలోగా కంప పోవాలి, నేల చదునవ్వాలి. కొట్టడం మాకు వచ్చు. కొట్టాక ట్రాక్టరుకు ఏం తగిలించాలన్నదే ప్రశ్న. ఊళ్లో ట్రాక్టరు ఉన్నది వరసకు నాకు మామ అయ్యే ఒకాయనకు. ఆయన కొత్తగా రోటవేటర్ కొన్నాడు, ట్రాక్టరు వెనక ఇనుప పండ్లతో గిరగిరా తిరిగి మట్టిని పిండి చేసే మిషను. కొన్న రోజునుంచి ఊళ్లో ఏ పనికైనా, చివరికి పెళ్లి పందిరి గుంటలకు కూడా, రోటవేటరే పెడతానంటున్నాడు. అందుకే అందరూ ఆయన్ని రోటవేటర్ మామ అనేవారు, ఆయన కూడా దాన్ని బిరుదుగానే తీసుకున్నాడు.

నేను గ్రంథాలయంలో వ్యవసాయ పుస్తకాల బీరువా ముందు నేల మీద కూర్చుని చదివి వచ్చాను. (ఆ బీరువా తాళం కోసం అటెండరు తన ఇల్లంతా వెతికాడు. నాకు ముందు దాన్ని ఎవరూ తెరిచినట్టు లేదు.) ముందు మొదళ్లు పెకిలించాలి. తర్వాత పెద్ద నాగలితో లోతుగా దున్ని వేర్లు పైకి తేవాలి. ఆ వేర్లు ఏరేశాక గొర్రు తోలాలి. ఆ తర్వాత ట్రాక్టరుకు బ్లేడు, అంటే వెడల్పాటి ఇనుప పలక, కట్టి చదును చెయ్యాలి. రోటవేటర్ అన్నిటికన్నా ఆఖరున. ఈ వరస మామ ముందు చెబితే ఆయన బీడీ ఆర్పి నన్ను కిందినుంచి మీదికి చూశాడు.

"అల్లుడా, నువ్వు చెల్క దున్నుతున్నవా, పరీక్ష రాస్తున్నవా?"

"వేర్లుండంగ రోటవేటర్ పెడితే చుట్టుకుంటయ్ మామా."

"ఏం చుట్టుకుంటయ్? గది తిరిగితే పర్వతం సుత పిండయితది."

పర్వతం దాకా పోలేదు. ఒక మూల పెట్టి చూపిస్తానని దింపాడు. రెండు బారలు పోయేసరికి తుమ్మ వేర్లు, తీగలు, పాత ఫెన్సింగు వైరు ముక్కలు కలిసి దువ్వెనకు జుట్టు చుట్టుకున్నట్టు దాని పండ్లకు చుట్టుకున్నాయి. ట్రాక్టరు మూలిగి ఆగింది. మామ దిగి, దాని కింద వెల్లకిలా పడుకుని కొడవలితో ఆ జడ కోస్తూ, "భూమి మంచిది గాదు బావా, మిషన్ మంచిదే," అని బాపుతో అన్నాడు. బాపు నవ్వలేదు. నా వైపు చూసి, "పుస్తకంల ఇంకేం రాసిండ్రు?" అని అడిగాడు. నా జీవితంలో నేను అందుకున్న సన్మానం అదొక్కటే.

తర్వాత పనంతా నా వరసలోనే జరిగింది. పక్క ఊరునుంచి నాగలి తెచ్చి మామ ట్రాక్టరుకే కట్టాం. మొదళ్లకు గొలుసు వేసి లాగాం. వేర్లను నేనూ, బాపూ, అవ్వా ఏరి ఒక దిక్కు కుప్ప వేశాం. కొట్టిన కంపను గట్టు పొడుగునా పేర్చాం, విత్తనం పడ్డాక చుట్టూ కంచె వెయ్యడానికి. చివరికి బ్లేడు వచ్చింది. బ్లేడు తిరిగిన సాయంత్రం చెల్క ఎంత చదునుగా ఉందంటే, బాపు చెప్పులు గట్టు మీద విడిచి ఒక చివరినుంచి ఇంకో చివరికి నడిచి వచ్చాడు. "అవతల సద్ది గిన్నె పెడితే ఈడికి కనవడుతది," అన్నాడు. బచ్చన్నపేట రోడ్డు మీద పోయే బస్సులోవాళ్లు కూడా తలలు తిప్పి చూసేవారు. నాకు ఛాతీ ఉబ్బింది. ఆ చూసినవాళ్లలో మైకన్న కూడా ఉన్నాడు.

మైకన్న మా దిక్కు ఉద్యమ నాయకుడు. మైకు లేకుండా మాట్లాడినా మైకులో మాట్లాడినట్టే ఉంటుంది కాబట్టి ఆ పేరు. ఆ మర్నాడే నలుగురితో జీపు దిగి చెల్క మధ్యలో నిలబడి చుట్టూ చూశాడు.

"కాకా, మండలమంత తిరిగిన. ఇసొంటి సాపు జాగ ఇంకోటి లేదు. రోడ్డు పక్కన సుత ఉన్నది. గీన్నే వంటావార్పు పెడుదం, సభ పెడుదం."

బాపు గొంతు సవరించుకున్నాడు. "వానొస్తే గింజ వెట్టాలె బిడ్డా."

"ఒక్క పూట కాకా. సభ అయిన తెల్లారే మేమే దున్నిపిస్తం. తెలంగాణ కోసం ఒక్క పూట ఇయ్యవా?"

ఆ మాటకు ఆ రోజుల్లో ఇంకో జవాబు లేదు. కాదన్నవాడి పేరు పొద్దుగూకేసరికి టీకొట్టు దగ్గర ద్రోహి అయిపోయేది. కానీ బాపు భయపడి ఒప్పుకున్నాడని నేను అనను. పట్నంలో గేటు దగ్గర ఆయన యాసను వెక్కిరించి మాట్లాడిన పిల్లల సంగతి మాకు ఎప్పుడో చెప్పాడు. "తెలంగాణకు అంటే నేను కాదంటనా," అన్నాడు, నిజంగానే.

సభకు జనం బాగా వచ్చారు. ట్రాలీ డబ్బాలు తగిలించుకుని ట్రాక్టర్లు, జీపులు, ఆటోలు అన్నీ చెల్కలోకే దిగాయి. ఎక్కడ చూసినా మూడేసి రాళ్ల పొయ్యిలు. కట్టెలు ఏవని ఎవరో అడిగితే ఇంకెవరో గట్టు చూపించాడు. మా కంచె కంప అంతా అన్నం కింద మండిపోయింది. అన్నం బాగుంది, నేనూ తిన్నాను. (తుమ్మ కట్టె నిప్పు చాలాసేపు నిలుస్తుందని చదివాను. నిజమే.) పందిరి గుంజలకు చెల్క నిండా గుంటలు తవ్వారు. నాకు వేదిక మీద ఐదు నిమిషాలు ఇస్తామన్నారని రాత్రంతా ఉపన్యాసం తయారు చేసుకున్నాను. అందులో నదులు ఉన్నాయి, చరిత్ర ఉంది, తేనెటీగలు కూడా ఉన్నాయి. పాటలవాళ్లు వచ్చారు, పెద్దవాళ్లు వచ్చారు, తేనెటీగల వంతు రాలేదు.

చివరికి మైకన్న, "ఈ ఉద్యమానికి తన భూమినిచ్చిన రైతన్నకు శాలువా కప్పుతున్నం," అన్నాడు. బాపు అప్పుడు వంటల దగ్గర బిందెతో నీళ్లు పోస్తున్నాడు. వేదిక పక్కన ట్రాక్టరు మీద తెల్ల అంగీ వేసుకుని కూర్చున్న రోటవేటర్ మామ రైతన్నలాగా కనిపించాడు. ఆయన్నే పైకి పిలిచారు. ఆయన కూడా ఎందుకని అడగకుండా ఎక్కి, శాలువా కప్పించుకుని, చెయ్యి ఊపి దిగాడు. తర్వాత బాపు దగ్గరకు వచ్చి, "నీదే బావా ఇది, తీస్కో," అన్నాడు గానీ, భుజం మీదినుంచి తీయలేదు.

తెల్లారి దున్నేవాళ్లు రాలేదు. చెల్కను కాలితో తన్నితే కాలే నొచ్చింది, బండ్లూ జనమూ తొక్కి సిమెంటు వాకిలిలాగా గట్టిపడింది. తొలి వాన పడితే నీళ్లు ఇంకకుండా రోడ్డు మీదికి పోయాయి. మళ్లీ లోతు నాగలే కావాలి. నాగలి ఉన్న పక్క ఊరి ఆయన తన పొలాల్లో ఉన్నాడు, దుక్కుల కాలంలో మాకెందుకు ఇస్తాడు? రోటవేటర్ మామ శాలువా బరువుతో కాబోలు తానే వచ్చాడు. పొయ్యి రాళ్లు తగిలి ఆ మిషను పండ్లు రెండు ఎగిరిపోయాయి. మేం రాళ్లు ఏరడం మొదలుపెట్టాం. ఏరుతుండగానే ఇంకో జెండావాళ్లు దిగారు.

"వాళ్లకిచ్చినవ్ గద కాకా. మాకియ్యకపోతే ఏమనుకోవాలె?"

ఏమనుకోవాలో వాళ్లే గట్టిగా చెప్పారు, అదీ పదిమందిలో. బాపు ఏరిన రాయిని జాగ్రత్తగా గట్టు మీద పెట్టి, "మీ ఇష్టం," అన్నాడు.

నేను మైకన్న ఇంటికి పోయాను. నేల గట్టిపడటం గురించి, వేరు లోతు గురించి, నీరు ఇంకే వేగం గురించి చదివిందంతా చెప్పాను. ఆయన ఓపికగా విన్నాడు. విని, నా భుజం మీద చెయ్యి వేసి, "తమ్మీ, తెలంగాణ రానీ. నీ రెండెకరాలేంది, ఊరంత దున్నుకుందాం," అన్నాడు. అది ఎంత మంచి మాటంటే నేను దండం పెట్టి ఇంటికి వచ్చాను. సగం దూరం వచ్చాక గుర్తొచ్చింది, నేను పోయింది ఒక నాగలి కోసమని.

రెండో సభ అయ్యేనాటికి పత్తి పెట్టే అదను దాటిపోయింది. బాపు సెలవు కూడా అయిపోయింది. సంచీలో బట్టలు పెట్టుకుంటూ అవ్వతో, "వచ్చేయేడు సూద్దాం," అన్నాడు. బంద్‌ల వల్ల బస్సులు లేవు. జనగామ స్టేషన్ దాకా నేనే సైకిల్ మీద తీసుకుపోయాను. రైలూ ఆలస్యమే. ప్లాట్‌ఫారం మీద ఎవరో నినాదం అందుకుంటే బాపు కూడా పిడికిలి ఎత్తి అందుకున్నాడు, రెండో చేతిలో సంచీ పట్టుకునే. చెల్కలో ఆ వచ్చేయేడు కూడా సభలే పండాయి.

రాష్ట్రం వచ్చిందని టీవీలో చెప్పినప్పుడు ఆయన గేటు దగ్గరినుంచి ఫోను చేశాడు. వెనకాల టపాకాయలు పేలుతున్నాయి. ఆయన గొంతు ఎప్పుడూ లేనంత కుశాలగా ఉంది. "వచ్చిందటరా." వచ్చింది బాపూ, అన్నాను. తర్వాత మెల్లగా అడిగాడు, "మైకన్న నాగలేమన్న తోలిండా?" లేదన్నాను. "పని మీద ఉంటడు పాపం," అని, ఎవరో హారన్ కొడితే గేటు తియ్యడానికి ఫోను పెట్టేశాడు.

నేనిప్పుడు జనగామలో ట్రాక్టరు పనిముట్లు అమ్మే దుకాణంలో పని చేస్తున్నాను. నా చదువు ఎక్కడికి చేరాలో అక్కడికే చేరింది. కంప నరికిన చెల్కకు ఏం కావాలని రైతులు అడిగితే ముందు నాగలి, తర్వాత గొర్రు అని అదే వరస చెబుతాను. యజమానికి ముందు రోటవేటర్ అమ్మితేనే లాభం, అందుకని నన్ను కోపంగా చూస్తుంటాడు. మొన్న ఒక అన్న బ్లేడు బేరం చెయ్యడానికి వచ్చాడు. చెల్క ఎక్కడ అని అడిగితే రోడ్డు పక్కనే అన్నాడు.

"అయితే బ్లేడు ఇప్పుడే వెట్టకు అన్నా. దుక్కి దున్ని గడ్డలు గడ్డలుగనే ఉండనియ్. వాన పడ్డంక, గింజ పెట్టే పొద్దుగాల సాపు చేస్కో."

"ఎందుకట్ల? తడి ఆగుతదనా?"

ఎందుకో, మైకన్న జీపు దిగిన దగ్గరినుంచి చెబుదామని నోరు తెరిచాను. ఆయన కళ్లలో, పుస్తకం చదివినవాణ్ణి అడుగుతున్నానన్న మర్యాద కనిపించింది. "అవునన్నా," అన్నాను, "తడి ఆగుతది." ఆయన తల ఊపి, ఆ మాటను బాగా గుర్తు పెట్టుకుంటున్నట్టు పెదవులు కదిపాడు. ఇన్ని చదివి, నా అంతట నేను కనిపెట్టిన వ్యవసాయ సూత్రం ఇదొక్కటే. ఏ బీరువా తెరిచినా దొరకదు. ఆయన పోయాక ఆ మాట తలచుకుని కాసేపు నవ్వుకున్నాను. ఏం నవ్వుతున్నవని యజమాని అడిగితే, ఏం లేదు సేటూ, అన్నాను.