కరివేపాకు మొక్కకి సముద్రం పోశాను

మొన్న ఆదివారం నేను చేసిన ఘనకార్యం వినండి! కాఫీ కూడా తాగకుండా కొన్ని వందల ప్రాణాలు తీసేశాను!

మా కరివేపాకు మొక్కంటే నాకెంత ముద్దో మీకు తెలుసుగా. అమెరికాలో, ఈ శాంటా క్లారాలో దాన్ని రెండాకుల నుంచి పెంచాను. బియ్యం కడిగిన నీళ్లు సీసాలో పట్టి, మర్నాడు దానికే పోస్తాను. ఆ రోజు కిచెన్ గట్టు మీద సీసాలో మసక మసకగా నీళ్లున్నాయి. ఇంకేం, కుండీలో పోసేశాను.

పది నిమిషాలకి మా శ్రేయ కేక. "అమ్మా! నా జూప్లాంక్టన్ ఎక్కడ?"

ఏడో క్లాసు పిల్ల. తెల్లారితే సైన్స్ ఫెయిర్! శనివారం వాళ్ల నాన్నతో సముద్రానికెళ్లి, నీళ్లలో తేలే ఆ బుల్లి జీవుల్ని సీసాలో పట్టుకొచ్చిందట. నేనేమో షికారనుకున్నా!

"అవి లేకపోతే ఫిష్ లేదు, వేల్స్ లేదు, నథింగ్ అమ్మా!" అని ఒకటే ఏడుపు.

మా ఆయన నిమ్మళంగా, "సముద్రపు నీళ్లు కదా, ఉప్పు. నీ మొక్క పనీ అంతే" అన్నాడు. అంతే, నేనూ ఏడుపు మొదలెట్టాను!

ముగ్గురం కారెక్కి హాఫ్ మూన్ బే బీచ్‌కి పరుగు. శనివారం వాడిన వలేమో శ్రేయ ఫ్రెండ్‌కి ఇచ్చేసిందట. "పన్నీరు వడకట్టే గుడ్డ ఉందిగా!" అన్నాను. సముద్రంలోకి వంతెనలా కట్టిన పియర్ మీంచి ఆయన బకెట్‌తో తోడటం, నేను వడకట్టడం, శ్రేయ ఆ గుడ్డని సీసాలో జాడించడం. నలభై బకెట్లు! పక్కనే గాలం వేసుకున్న ముసలాయన ఆశగా తొంగిచూసి, "ఏం పడ్డాయి?" అన్నాడు. "మీ చేపల భోజనం!" అన్నాను.

ఇంటికొచ్చి మైక్రోస్కోప్‌లో చూద్దును కదా, అబ్బబ్బ! ఒక్కోటీ ఆవగింజంత కూడా లేదు, ఒంటికన్ను, తోక దగ్గర రెండు గుడ్ల సంచులు, చటుక్కున ఒక గెంతు! ఇవి కంటికానని నాచు తింటాయట, వీటిని చిన్న చేపలు, వాటిని పెద్ద చేపలు. అంత సముద్రానికీ వంటిల్లు ఇవేనన్నమాట! గంటసేపు పిల్లకి చూసే ఛాన్సే ఇవ్వలేదు నేను.

మొక్కని మూడుసార్లు మంచినీళ్లతో కడిగాను. అయినా ఆకులు వాల్చేసి నాతో మాట్లాడటం లేదు.

నిన్న ఫెయిర్‌లో జడ్జిగారు శ్రేయని అడిగారు, "వీటికి అందరికంటే పెద్ద శత్రువు ఎవరు?"

చేపలంటుంది, తిమింగలాలంటుంది అనుకుంటూ గర్వంగా నిలబడ్డాను. అది గడ్డం ఎత్తి నన్ను చూపించింది.

నేను చేతులు కట్టుకుని, "బియ్యం కడిగిన నీళ్లనుకున్నానండీ" అన్నాను.