తిరగేసి చూసే మనిషి

మా నాన్న వీరబాబు చీరాలలో మగ్గం నేస్తాడు. ఎవరు ఏ చీర చూపించినా ముందు తిరగేసి వెనకవైపు చూస్తాడు. "పైకి ఎవడైనా మెరిపిస్తాడమ్మా, పనితనం వెనకే తెలిసేది" అంటాడు.

నాకు ఎమ్మెస్సీ కెమిస్ట్రీలో రెండు సీట్లు వచ్చాయి. విశాఖలో ఒక పాత కాలేజీ, బెంగుళూరులో ఒక కొత్త యూనివర్సిటీ. బెంగుళూరులో అద్దకం రంగుల మీద పేరుమోసిన ప్రొఫెసర్ గారున్నారు. పైగా ఈతకొలను, ఏసీ హాస్టలు. ఇంకేం కావాలి?

బ్రోచర్ నాన్న చేతికిచ్చాను. అలవాటుగా తిరగేసి వెనక అట్ట చూశాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"అది చీర కాదు నాన్నా!"

ఆయన మర్నాడే బెంగుళూరు రైలెక్కి, మూడో రోజుకి తిరిగొచ్చాడు.

"వెనక గేటు నుంచి మెస్సులోకెళ్ళానమ్మా. వంటోళ్ళు మన కనిగిరోళ్ళే, కూర్చోబెట్టి అన్నం పెట్టారు. పప్పు బాగుంది, కొలను బాగుంది. మీ ప్రొఫెసర్ గారు మాత్రం మానేసి రెండేళ్ళయిందంట. ల్యాబు తాళం తుప్పు పట్టింది."

వెంటనే డిపార్ట్‌మెంటుకి ఫోన్ చేశాను. నిజమేనన్నారు. వెబ్‌సైటులో మాత్రం ఆయన ఇంకా నవ్వుతూనే ఉన్నారు.

నాలుగు నెలలు నెట్‌లో వెతికినా నాకు దొరకని సంగతి, ఏడో తరగతితో ఆపేసిన మనిషికి పప్పన్నం తింటుంటే దొరికింది.

విశాఖకి రెండు టికెట్లు తీశాను. వెనక గేటు ఎటుందో ఈసారి నేనే అడుగుతాను.